మోడానికీ మోడుకూ మధ్య

ఈమధ్య రోజూ పొద్దున నా ఫోను నాకు వాతావరణం చెబుతోంది. అత్తయ్యకు తెలుగంటే ప్రాణం కదా అని మా కోడలు ఏదో నొక్కి దాన్ని తెలుగులోకి మార్చిపెట్టింది, అప్పటినుంచి వారానికి నాలుగు రోజులు "పాక్షికంగా మేఘావృతమై ఉంటుంది" అని ఒకటే పాట. ఆ పిల్ల మంచి మనసుతో చేసిన పని కాబట్టి పైకి ఏమీ అనను గానీ, ఆ మాట కనబడినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. మేఘావృతమట, అందులోనూ పాక్షికంగానట. తలెత్తి ఆకాశం వైపు చూసిన మనిషి ఎవరైనా అలా అంటారా? దానికి మా వైపు రెండక్షరాల మాట ఒకటి ఉంది, ఆ మాట కోసం నేను ఒకప్పుడు ఉద్యోగం పోతే పోనీ అని మొండికేశాను. చైనావాళ్ళ పాత పద్యం ఒకటి దానికి కారణం. మన ఈడువాళ్ళకు చెబితేనే ఇలాంటివి అర్థమవుతాయి, అందుకని చెబుతున్నాను.

నేను పుట్టింది హిందూపురం పక్క పల్లెలో. మెట్టింది వర్తూరుకు అవతల ఉన్న ఒక చిన్న ఊళ్ళో. మా అత్తగారివాళ్ళు ఎన్ని తరాల కిందట వచ్చారో వాళ్ళకే తెలియదు, ఇంట్లో తెలుగే మాట్లాడతారు, అందులో సగం కన్నడం కలిసిపోయి ఉంటుంది, ఏది ఏ భాషదో విడదీసి చెప్పమంటే ఎవరివల్లా కాదు. ఊరి చెరువుకు, మావాళ్ళ మాటలో కెరెకు, తూము తెరిచి వంతుల ప్రకారం మడులకు నీళ్ళు వదిలే పని వాళ్ళ వంశానిది. నీరుగంటి అంటారు. నేను కాపురానికి వచ్చేనాటికి ఆ పని మా మామగారిది. అనంతపురంలో చదివిన నా బి.ఎ. తెలుగు పట్టా పదమూడేళ్ళు ట్రంకుపెట్టెలో పట్టుచీరల కింద పడుకుంది. పిల్లలిద్దరూ హైస్కూలుకు వచ్చాక, తొంభైల చివర్లో, బ్రూక్‌ఫీల్డ్‌లో ఒక బేకరీ మేడమీద ఉన్న అనువాదాల ఆఫీసులో తెలుగు రాసేవాళ్ళు కావాలని తెలిసి, ఎవరినీ అడక్కుండా వెళ్ళి కూర్చున్నాను. ఆరు నెలలు చూస్తాం, ఆ తర్వాత మా తెలుగు మాష్టారు ఏమంటే అది అన్నాడు యజమాని, ఆయన కన్నడం మనిషి. అప్పటికి నాకు ముప్పై నాలుగేళ్ళు. ఆ ఆరు నెలలూ దాటకపోతే మళ్ళీ నా తెలుగుతో ఎవరికీ పని పడదని నాకు బాగా తెలుసు.

మా ఆఫీసులో ఏం అనువదించేవాళ్ళం అనుకుంటున్నారు? మిక్సీలు, కుక్కర్లు, ఇస్త్రీపెట్టెల పెట్టెల్లో వచ్చే చిన్న పుస్తకాలు. ఇంగ్లీషులోంచి మూడు భాషల్లోకి. ఆ మాష్టారు కృష్ణా జిల్లా సముద్రం ఒడ్డువాడు, కాలేజీలో తెలుగు చెప్పి రిటైరయ్యి, కూతురి దగ్గర ఉందామని బెంగళూరు వచ్చి, కూతురి ఇంట్లో ఊరికే కూర్చోలేక భార్యతో విడిగా ఇల్లు తీసుకుని ఈ పనిలో చేరాడు. మొదటి వారం నేను ప్లగ్గు అన్న మాటకు నిఘంటువులన్నీ తిరగేసి ఏదో గంభీరమైన సమాసం కట్టి తీసుకెళ్తే, కళ్ళజోడు ముక్కు మీదికి దించి, "అమ్మాయ్, ఆడవాళ్ళు నిఘంటువు పక్కన పెట్టుకుని చట్నీ రుబ్బరే. ప్లగ్గుని ప్లగ్గే అను" అన్నాడు. ఆయన దగ్గర నేను నేర్చుకున్న మొదటి పాఠం అది, కాలేజీలో మూడేళ్ళు చదివినదాని కంటే అదే నాకు ఎక్కువ పనికొచ్చింది. అయితే నేను నోరు తెరిచి మాట్లాడినప్పుడల్లా ఆయన పెదవి కొంచెం వంకర తిరిగేది. ఉండాది, పోతాండాడు అని పొరపాటున జారితే, మీది తెలుగు కాదమ్మా, తెలుగులాంటిది అనేవాడు నవ్వుతూ. ఆ నవ్వు నాకు గుచ్చుకునేది. కన్నడంవాళ్ళకు మేం తెలుగువాళ్ళం, కోస్తావాళ్ళకు మేం తెలుగులాంటివాళ్ళం, ఇక మేం ఎక్కడికి పోవాలి?

అయిదో నెలలో, వినాయక చవితి దాటాక, కేలెండరు పని వచ్చింది. బొమ్మనహళ్ళిలో ఒక బట్టలు కుట్టే కంపెనీ, అందులో కుట్టు మిషన్ల మీద కూర్చునేవాళ్ళలో చాలామంది మా రాయలసీమ ఆడవాళ్ళు, వాళ్ళకు పంచడానికి కొత్త సంవత్సరం కేలెండరు కావాలంది. నెలకో దేశం, దేశానికో పద్యం, పద్యం కింద నాలుగు ముక్కల తాత్పర్యం. పద్యాలు ఇంగ్లీషులో వాళ్ళే ఎక్కడెక్కడో ఏరి పంపారు. మాష్టారు పదకొండు నెలలు తను ఉంచుకుని, ఒక్క సెప్టెంబరు నాకిచ్చి, ఇదే నీకు పరీక్ష అన్నాడు. ఆ సెప్టెంబరే చైనా.

పద్యంలో ఉన్నది నాలుగే పాదాలు. స్నేహితులిద్దరు పడవెక్కి సరస్సులోకి వెళ్ళారు. మొదట ఎండ కాసింది, నీళ్ళ అడుగున చేపలు కనబడ్డాయి. తర్వాత వానకు ముందటి చీకటి దిగింది, చుట్టూ ఉన్న కొండలు అందులోకి వెళ్ళిపోయాయి. పడవ వెనక్కి తిప్పు అన్నాడు స్నేహితుడు. పడవవాడు తెడ్డు ముట్టలేదు. అంతే, అక్కడ ఆపేశాడు ఆ కవి. ఎండ బాగుందనీ అనలేదు, ఆ చీకటి బాగుందనీ అనలేదు. మొదటిసారి చదివితే ఇంతేనా అనిపించింది, ఒప్పుకుంటున్నాను. రెండోసారి ఆ పడవవాడి దగ్గర ఆగాను. ఎందుకు ముట్టలేదు? బద్ధకమా, భయమా, చెవుడా? వర్తూరు నుంచి బ్రూక్‌ఫీల్డుకు బస్సులో నిలబడి వెళ్తూ మూడు రోజులు ఆ ప్రశ్నే వేసుకున్నాను. ఇక రెండో పాదం రాయబోతే మాట దొరకదు. మేఘం అంటే పుస్తకంలో ఉండేది. మబ్బు అందామంటే మా ఇంట్లో మబ్బంటే ఇంకా తెల్లవారని చీకటి, మబ్బుతో లేచి పాలు పిండాలి అంటారు. మొయిలు అనే మనిషిని నేను బతికుండగా చూడలేదు. ఇలా కొట్టుకుంటూ ఒక సాయంత్రం ఇంట్లో కూర్చుని ఉంటే, పెరట్లోంచి మా మామగారు గట్టిగా కేకేశారు. "మోడం పట్టుండాది, గుడ్డలు తియ్యండమ్మా!"

గుడ్డలు తీసింది మా అత్తగారు. నేను కాగితం అందుకున్నాను. చిన్నప్పటినుంచీ వింటున్న మాటే. ఆకాశం నల్లగా కిందికి దిగి, గాలి ఆగి, ఇప్పుడో ఇంకాసేపటికో వాన పడబోతుందనే ఘడియ ఉంటుంది చూశారూ, దానికి పేరు అది. అది మేఘం కాదు, వానా కాదు. రాత్రి పడుకునేలోపు నాలుగు పాదాలూ పూర్తయ్యాయి.

పొద్దెక్కె, చెరువు అడుగున చేపలు తోచె.
మోడమాయె కొండలన్నీ, ఒక్కటీ లేదు.
పడవ తిప్పమన్నాడు నేస్తం.
పడవవాడు తెడ్డు ముట్టలేదు.

వారం తర్వాత అచ్చుకు వెళ్ళేముందు ప్రూఫు నా బల్ల మీదికి వచ్చింది. మాష్టారి ఎర్ర సిరా ఒకే ఒక్క చోట ఉంది. మోడమాయెలో డమా కొట్టేసి డులా పెట్టాడు. మోడులాయె కొండలన్నీ. ఆకులు రాలిన మోడు అనబోయి పాపం ఈ అమ్మాయి తప్పు రాసిందనుకున్నాడు. కింద తాత్పర్యం కూడా దానికి తగ్గట్టే రాశాడు. విడిపోబోతున్న స్నేహితుల దుఃఖానికి కొండలు సైతం మోడువారాయని, ఆ దుఃఖంలో పడవవాడికి చేతులు ఆడలేదని. చదవగానే కళ్ళనీళ్ళు పెట్టించేలా ఉంది, ఆయన వాక్యం మామూలుది కాదు. కానీ అది నా పద్యం కాదు. రెండక్షరాలు మారితే పచ్చటి కొండలు ఎండిపోయాయి, రాబోయే వాన కాస్తా చావు కబురైపోయింది.

వెళ్ళి చెప్పాను. మోడం అన్న మాట తెలుగులో లేదన్నాడు. ఉందన్నాను. ఏ నిఘంటువులో చూపించు అన్నాడు. చట్నీ రుబ్బేవాళ్ళు నిఘంటువు చూడరని మీరే కదా అన్నారు, ప్లగ్గు ప్లగ్గయితే మోడం మోడమే అన్నాను. పక్క బల్ల దగ్గర కన్నడం రాసే ఆయన దగ్గు నటించాడు. మాష్టారి మొహం ఎర్రబడింది. గురువారం ప్రెస్సుకు పంపాలి, నా సంతకం లేకుండా అది పోదు, నీ ఆరు నెలలూ వచ్చే నెలాఖరుకే పూర్తవుతున్నాయి, ఆలోచించుకో అన్నాడు. ఆలోచించుకోవడానికి ఏమీ లేదని అప్పటికే తేలిపోయింది నాకు. ఉద్యోగం కావాలి, చాలా కావాలి. కానీ బొమ్మనహళ్ళిలో ఏ కదిరి మనిషో మడకశిర మనిషో ఆ కేలెండరు గోడకు తగిలించుకుని, తన నోట్లో ఉన్న మాట అచ్చులో లేదని ఇంకోసారి తెలుసుకోవడానికి నేను చెయ్యి కలపను.

ఆదివారం ప్రూఫు పట్టుకుని ఆయన ఇంటికే వెళ్ళాను. ఆయన బజారుకు వెళ్ళాడు. ఆయన భార్య కాఫీ ఇచ్చి కూర్చోబెట్టి, నేను వచ్చిన పని విని, తన గ్లాసు కింద పెట్టింది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. ఆయన కాలేజీలో ఉన్న రోజుల్లో పరీక్షకని పట్నం వెళ్ళాడట. ఆ పొద్దున ఊళ్ళో ఎండ కాసింది. మధ్యాహ్నానికి సముద్రం మీద ఆకాశం నల్లగా దిగింది, చీకటి పడ్డాక ఉప్పెన వచ్చింది. అమ్మ, తమ్ముడు, ఇల్లు, ఏమీ మిగల్లేదు. "నీళ్ళ మీద మబ్బు దిగడం అందంగా ఉంటుందంటే ఆయన ఎలా ఒప్పుకుంటారమ్మా?" అంది ఆవిడ.

సిగ్గేసింది, లేచి వెళ్ళిపోదామనుకున్నాను, నిజానికి చెప్పులు వేసుకున్నాను కూడా. మెట్ల మీద ఆయన ఎదురయ్యాడు, చేతిలో ఆకుకూరల సంచి. నేను అక్కడే నిలబడి, మాష్టారూ, మీరు తాత్పర్యం రాసిన ఆ ఘడియను మా చెరువు గట్టు మీదికి వచ్చి ఒక్కసారి చూడండి, చూశాక కూడా మోడు అంటే నేనే మీ అక్షరం దిద్ది ఇస్తాను అన్నాను. ఎందుకంత మొండితనం వచ్చిందో నాకు తెలియదు. బహుశా ఆయన బాధ నిజమని తెలిశాక, నా మాట కూడా అంతే నిజమని ఆయనకు తెలియాలనిపించి ఉంటుంది. ఆయన సంచి మెట్టు మీద పెట్టాడు. "సరే. చూడకుండా తాత్పర్యం రాయడం తప్పే" అన్నాడు. ఎంతైనా అధ్యాపకుడు కదా.

ఆ రోజే బస్సెక్కి వచ్చాడు, గొడుగుతో సహా. ఏం లాభం, మా ఊళ్ళో ఎండ ఫెళ్ళున కాస్తోంది. చెరువు అద్దంలా ఉంది, తూము దగ్గర లోతులేని చోట చేపపిల్లలు కూడా కనబడుతున్నాయి. నీ మొదటి పాదం ఒప్పుకున్నాను అని నవ్వి, మా అత్తగారు పెట్టిన సంగటీ ఊరుబిండి పచ్చడీ తిని వెళ్ళిపోయాడు. సోమవారం ఎండ. మంగళవారం ఎండ. వానాకాలంలో ఆకాశం నామీద పగబట్టినట్టు ఒక్క చుక్క కూడా రాల్చలేదు, ఆఫీసు కిటికీలోంచి నేను తూర్పు వైపు చూస్తుంటే కన్నడం ఆయన కూడా జాలిపడ్డాడు. బుధవారం మధ్యాహ్నం మూడింటికి గాలి ఒక్కసారిగా ఆగింది. నేను లేచి మాష్టారి బల్ల దగ్గరికి వెళ్ళాను. ఆయన కిటికీ బయటికి ఒకసారి చూసి కలం మూత పెట్టాడు. ఇద్దరం ఆటో ఎక్కి వర్తూరు దాటాం.

మేం వెళ్ళేసరికి మా మామగారు గట్టు మీదే ఉన్నారు. ఆయన ఒక్కరే కాదు, ఊరు ఊరంతా ఒక్కొక్కరే బయటికి వస్తున్నారు, చేతులు తుడుచుకుంటూ ఆడవాళ్ళు, చుట్ట ఆర్పి చెవి మీద పెట్టుకుని ముసలివాళ్ళు. ఆ ఊళ్ళో మోడం పడితే ఎవరూ ఇంట్లో ఉండరు. మాకు కొండలు లేవు, చెరువు అవతల నీలగిరి తోపు ఉండేది. చూస్తుండగా ఆ తోపు ఒక్కో వరుసా మాసిపోయింది. నీళ్ళు మొదట బూడిదరంగుకు తిరిగి, తర్వాత పూర్తిగా నల్లబడ్డాయి. కొంగలు కూడా కదలడం మానేశాయి. మాష్టారు గొడుగు రెండు చేతులతో పట్టుకుని ఒకడుగు వెనక్కి వేశాడు. "అమ్మాయ్, ఇక వెళ్దాం పద" అన్నాడు. ఈ మనిషిని ఇక్కడికి లాక్కొచ్చి తప్పు చేశానని మొదటిసారి గట్టిగా అనిపించింది. సరే వెళ్దాం మాష్టారూ అనబోతుంటే మా మామగారు చెరువు మీంచి చూపు తిప్పకుండానే, పక్కనున్నది ఎవరో చూడకుండానే, ఆయన మోచెయ్యి పట్టుకున్నారు.

"వుండప్పా. కెరె ఇబ్బుడు వానను పిలస్తా వుండాది. ఇట్లాంటప్పుడు యాడికి పోతావు?"

మాష్టారు కదల్లేదు. మా మామగారు చెయ్యి వదల్లేదు. మొదటి చినుకులు అవతలి ఒడ్డున పడ్డాయి, ఆ చప్పుడు నీళ్ళ మీద మా వైపు నడిచి వచ్చింది, గట్టు మీది జనం ఒక్కసారిగా కేక పెట్టారు. ఆ కేకలో భయం లేదు. మాష్టారు గొడుగు తెరవలేదు. ఆయన మొహం మీద ఉన్నది వానే అయి ఉంటుంది, నేను అటు చూడకుండా తల తిప్పుకున్నాను.

ఇంటికి వచ్చి తల తుడుచుకున్నాక ప్రూఫు అడిగాడు. తన డులా కొట్టేసి పైన డమా రాశాడు. తాత్పర్యం మొత్తం కొట్టేసి కొత్తది రాశాడు. "మోడం: వానకు ముందు ఆకాశం కిందికి దిగే సమయం. కొందరికి ఇది భయం, కొందరికి పండగ. పడవవాడు రెండోరకం మనిషి." రాసి సంతకం చేసి, నా వైపు చూసి, "నా అర్థం తప్పని ఒప్పుకోవడం లేదమ్మాయ్. నీ మాట కొట్టెయ్యలేనంటున్నాను, అంతే" అన్నాడు. నాకు అంతకంటే ఏం కావాలి? తలూపాను గానీ, ఆయన్ని ఆటో ఎక్కించి వచ్చి వంటింట్లో కూర్చుని కాసేపు ఏడ్చాను, ఆ సంగతి మా అత్తగారికి తప్ప ఎవరికీ తెలియదు.

కేలెండరు అచ్చయింది. సెప్టెంబరు కోసం నేను ఎదురుచూసినంతగా ఎవరూ ఏ నెల కోసమూ చూసి ఉండరు. బొమ్మనహళ్ళి నుంచి ఉత్తరమో ఫోనో, కనీసం ఆ మాటకు అర్థమేమిటని అడిగే మనిషో వస్తారనుకున్నాను. ఎవరూ రాలేదు, ఎవరూ ఏమీ అనలేదు. చాలారోజులు నిరాశగానే ఉంది. తర్వాత ఒకరోజు మాష్టారే అన్నాడు, అర్థం అడగలేదంటే అర్థమైందనే కదా, నువ్వు గెలిచావు పో అని. నేను ఆ ఆఫీసులో పదకొండేళ్ళు పనిచేశాను. ఆయన ఉన్నన్నాళ్ళూ మళ్ళీ ఎప్పుడూ తెలుగులాంటిది అనలేదు, వానాకాలంలో మాత్రం అప్పుడప్పుడు తనంతట తనే బస్సెక్కి వచ్చి మా మామగారి పక్కన గట్టు మీద నిలబడి వెళ్ళేవాడు. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకున్నది నేను వినలేదు. ఇప్పుడు ఇద్దరూ లేరు.

చెరువు ఉంది. అది ఉండడమే నాకు ఎక్కువ బాధ. మడులు లేఅవుట్లయ్యాయి, తూము తెరవాల్సిన పని లేదు, నీలగిరి తోపు ఉన్న చోట పద్నాలుగు అంతస్తుల అపార్ట్‌మెంట్లు లేచాయి, మేమూ అలాంటిదాంట్లోనే ఉంటున్నాం. మా చిన్నప్పుడు ఎండాకాలం వస్తే చెరువుల అడుగు నెర్రెలు బారేది, ఇప్పుడు ఇది ఏప్రిల్లో కూడా నిండుగా ఉంటుంది, చుట్టుపక్కల మురుగంతా అందులోకే వస్తుంది కాబట్టి. దానికి ఆకాశంతో పని తీరిపోయింది. ఎండ కాసినా ఒకటే రంగు, వాన కురిసినా ఒకటే రంగు. ఆ చైనా కవిని తీసుకొచ్చి మా చెరువు గట్టున నిలబెడితే ఒక్క పాదం కూడా రాయలేడు. వాన రాబోయేముందు గాలి తిరగగానే దాంట్లోంచి కంపు లేస్తుంది, అది తగలగానే పద్నాలుగు అంతస్తుల్లోనూ కిటికీలు ఒకదాని తర్వాత ఒకటి మూసుకుంటాయి. మోడం పడితే బయటికొచ్చి నిలబడ్డ ఊరు ఇప్పుడు మోడం పడితే తలుపులేసుకుంటోంది.

మా ఇంట్లో మాత్రం చెరువు వైపు కిటికీ నేను మూయనివ్వను. కోడలు ముక్కు మూసుకుని అత్తయ్యా, ప్లీజ్ అంటుంది. కంపు కొడుతుందని నాకు తెలియక కాదు, నా ముక్కు ఇంకా బాగానే పనిచేస్తోంది. కానీ వాన వచ్చేది ఆ వైపు నుంచే, అది రావడం నేను చూడాలి.